బంకు మూసిన్రు, భూమిల పెట్రోలు ఎవడు తీయాలె?

పెట్రోలు బంకు మూతపడితే దాని కథ అయిపోయిందనుకుంటాం. మిషన్లు పీక్కపోతారు. కంపెనీ బోర్డు దించుతారు. పైన రేకుల షెడ్డు విప్పి లారీకెత్తుతారు. రెండు వానలు పడితే ఆ జాగల గడ్డి మొలుస్తుంది, ఇంకో రెండేండ్లకు గుంటల లెక్కన ప్లాట్లు పడతయి. కానీ భూమిలో పాతిన ఇనుప ట్యాంకుల ఊసు ఎవరూ ఎత్తరు. ఇరవై ముప్పై ఏండ్లు ఆ ట్యాంకుల కింది మట్టి తాగిన పెట్రోలు, డీజిలు ఏమైందని ఎవరూ అడగరు. అది ఎటూ మాయం కాలేదు. కొంత అక్కడనే ఉన్నది, కొంత పల్లానికి నడిచింది. ఊరికి పల్లాన ఎవరుంటరో ఈ పత్రిక చదివేవాళ్లకు మేం చెప్పే పని లేదు.

భూమి గురించి, కూలి గురించి, రిజర్వేషన్ల గురించి రాసే పత్రికకు పెట్రోలు బంకుతో పనేంటని కొందరు మిత్రులు అడగొచ్చు. పర్యావరణం పట్నపోళ్ల ముచ్చట అని మనలో చాలామందికి ఒక అభిప్రాయం పడిపోయింది. కానీ మన పోరాటాల పుట్టుక ఒకసారి చూడండి. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ అంబేద్కర్ వేల మందిని వెంటబెట్టుకొని పోయింది ఎక్కడికి? చౌదార్ చెరువుకు, నీళ్లు తాగడానికి. 1985 జూలైలో కారంచేడులో రగడ మొదలైంది ఎక్కడ? మాదిగలు తాగే చెరువు దగ్గర. బర్రెకు కుడితి పెట్టిన బకెట్ మంచినీళ్లల్ల కడగొద్దన్న పాపానికి, బిందె ఎత్తి ఎదురు నిలిచిన మున్నంగి సువార్త అనే మాదిగ ఆడబిడ్డ ధైర్యానికి, మర్నాడు జూలై 17న ఆరుగురు మాదిగల ప్రాణాలు తీశారు. అంటే దళిత మహాసభను పుట్టించిన ఘటన నీళ్లు ఖరాబు చేయడంతోనే మొదలైంది. అప్పుడు కుడితి. ఇప్పుడు బెంజీన్. కుడితి కంటికి కనపడుతుంది. బెంజీన్ కనపడదు. తేడా అంతే.

ఇక విషయానికి వద్దాం. బంకు కింద ఏం జరుగుతుంది?

బంకులో మనకు కనపడేది పైపు, మీటరు, కుర్రాడు. అసలు సరుకు భూమి లోపల, వేల లీటర్ల ఇనుప ట్యాంకుల్లో ఉంటుంది. ఇనుము మట్టిలో ఉంటే తుప్పు పట్టక మానదు. ట్యాంకుకు సన్నని చిల్లి పడుతుంది, లేదా ట్యాంకు నుంచి మిషను దాకా పోయే పైపుల అతుకు దగ్గర కారుతుంది. సెకనుకు ఒక్క చుక్క అనుకోండి. ఇరవై చుక్కలకు ఒక మిల్లీలీటరు పెట్టి లెక్కగడితే రోజుకు నాలుగు లీటర్ల పైన, ఏడాదికి పదిహేను వందల లీటర్ల పైన. రోజుకు వేల లీటర్లు అమ్మే బంకులో నాలుగు లీటర్లు ఎవరి కంటికి ఆనుతయి? పొద్దున్నే ట్యాంకులోకి కర్ర దించి డిప్ కొడతారు, రిజిస్టర్లో రాస్తారు. తేడా వస్తే ఎండకు ఆవిరైందని రాసుకుంటారు.

కారిన పెట్రోలు మట్టిలో దిగుతుంది. నీళ్లు తగిలిందాకా దిగి, నీళ్ల మీద తేలుతుంది. నూనె నీళ్లల్ల తేలుతదని బడిలో పిల్లలకు గ్లాసుతో చూపిస్తం కదా, అదే పాఠం భూమి లోపల నడుస్తుంది. అయితే పెట్రోలు వట్టి నూనె కాదు. అందులో బెంజీన్, టోలుయిన్, జైలీన్ అనే రసాయనాలుంటయి. అవి కొద్దికొద్దిగా నీళ్లల్ల కరిగి, నీళ్లతో పాటు నడుస్తయి. బెంజీన్ మనిషికి క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింది క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎప్పుడో తేల్చింది. రక్తం పుట్టే మూలుగను దెబ్బతీస్తుంది, రక్తహీనత తెస్తుంది, రక్త క్యాన్సర్ తెస్తుంది. మన వాడల్ల ఆడోళ్లు రక్తం లేక తెల్లగ పాలిపోతే తిండి సరిగ లేకనే అనుకుంటం. తిండి లేదన్నది నిజమే. దానికి తోడు నీళ్లల్ల ఏమున్నదో కూడా చూడాలె.

తాగే నీళ్లల్ల బెంజీన్ లీటరుకు 10 మైక్రోగ్రాములు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షలో వంతు. ఇప్పుడు మన దేశంలో అమ్మే పెట్రోలులో బెంజీన్ నూటికి ఒక వంతు దాకా ఉండొచ్చు. అంటే లీటరు పెట్రోలులో సుమారు ఎనిమిదిన్నర గ్రాములు. లెక్క చేయండి: ఒక్క లీటరు పెట్రోలు భూగర్భ నీళ్లల్ల కలిస్తే ఎనిమిది లక్షల లీటర్లకు పైగా నీళ్లు ఆ హద్దుకు చేరిపోతయి. వాడ మొత్తం నెలల తరబడి వాడుకునే నీళ్లవి. అదీ ఒక్క లీటరుకు. ఏడాదికి పదిహేను వందల లీటర్లు కారితే ఏమవుతుందో పిల్లలతో పలక మీద గుణించి చూడండి. కారిన బెంజీనంతా నీళ్లల్లకే పోదు, కొంత గాలిలో కలుస్తుంది, కొంత మట్టిలోని సూక్ష్మజీవులు తింటయి. అయినా లెక్కలో భయపడాల్సినంత మిగులుతుంది.

పాత బంకులకు ఇంకో పాపం కూడా ఉంది. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు అమ్మడం 2000 ఫిబ్రవరి 1తో ఆగింది. అంతకు ముందు నడిచి మూతపడ్డ బంకుల కింద కారింది సీసం కలిసిన పెట్రోలే. సీసం ఆవిరి కాదు, కుళ్లిపోదు. చిన్నపిల్లల మెదడుకు అది శత్రువు. తరగతిలో వెనకబడ్డ మన పిల్లగాన్ని చూసి "మీ కులపోళ్లకు చదువబ్బదు" అనే మాట ఈ రాసేవాడు కూడా చిన్నప్పుడు పడ్డవాడే. ఆ పిల్లలు ఆడుకునే మట్టిలో ఏమున్నదో అన్నవాళ్లెవరూ తవ్వి చూడలేదు.

ఇప్పుడు మన ప్రాంతం సంగతి. నిజామాబాద్ నుంచి జగ్దల్‌పూర్ పోయే 63వ నంబరు జాతీయ రహదారి మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాలల నడిబొడ్డు నుంచి పోతుంది. సిరిసిల్ల కరీంనగర్-కామారెడ్డి రోడ్డు మీద ఉంది. లారీలు నడిచే రోడ్డు పక్కన బంకులు లేచినయి. ఊరు పెరిగి బంకు ఊరి నడుమకు వచ్చింది. కొన్ని రోడ్డు వెడల్పులో పోతయి, కొన్ని డీలరు చనిపోతే పోతయి, కొన్ని బైపాసు పడి గిరాకీ లేక పోతయి. ఫలానా బంకు కారిందని వేలు పెట్టి చూపడం ఈ సంపాదకీయం ఉద్దేశం కాదు. చూసి చెప్పాల్సిన సర్కారు చూడాలె అన్నదే మా మాట.

మన భూమి గుణం కూడా తెలుసుకోవాలె. మనది రాతి నేల. పైన ఎర్రమట్టి, మొరం, కింద పగుళ్లున్న గట్టి రాయి. ఇసుక నేలలో అయితే పెట్రోలు ఎటు పోతుందో కొంత అంచనా వేయొచ్చు. రాతి పగుళ్లల్ల అట్ల కాదు. బంకు పక్కన బాయి మంచిగుంటది, రెండు వీధుల అవతల బోరు ఖరాబైతది. "బంకు పక్కనోళ్లకే లేని బాధ మీకెట్ల వచ్చింది" అని ఎవడన్నా అంటే ఈ పగుళ్ల సంగతి చెప్పండి. ఇంకొకటి: జగిత్యాల, కోరుట్ల చుట్టు శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ నీళ్లు పారుతయి. సిరిసిల్ల చుట్టు మిడ్ మానేరు నిండినంక బాయిలల్ల నీళ్లు పైకొచ్చినయి. నీళ్లు పైకి రావడం మంచిదే, రైతు కండ్లు చల్లబడ్డయి. కానీ ఎండిపోయిన మట్టిలో ఏండ్లుగా పట్టుకొని ఉన్న పెట్రోలును కూడా ఆ నీళ్లే లేపుతయి. పదేండ్ల కింద మూసిన బంకు వాసన ఇప్పుడెందుకు వస్తుందంటే కారణం ఇదే కావొచ్చు.

ఇది తాగే నీళ్లతోనే అయిపోయేది కాదు. పెట్రోలు ఆవిరి మట్టి సందుల నుంచి పైకి లేచి ఇంటి గచ్చు పగుళ్లల్లకెళ్లి లోపలికి వస్తుంది. పొద్దంత ఇంట్లో ఉండేదెవరు? కోరుట్ల, జగిత్యాల వాడల్ల చాట ముందర పెట్టుకొని బీడీలు చుట్టే ఆడోళ్లు. ఇప్పటికే పొగాకు దుమ్ము మింగుతున్నోళ్లు. సిరిసిల్లలో మరమగ్గం షెడ్డులో పన్నెండు గంటలు నిలబడే కార్మికుడు. ఆఫీసుకు పోయి వచ్చేటోనికి రాత్రి పూట తగిలేది వీళ్లకు పగలంతా తగులుతుంది.

అధికారుల దగ్గరికి పోతే ఏమంటరో మనకు ముందే తెలుసు. "వాసన వస్తలేదు కదా" అంటరు. బెంజీన్ వాసన ముక్కుకు తెలిసేసరికే అది ప్రమాదం హద్దును ఎన్నో రెట్లు దాటి ఉంటుంది. వాసన వస్తే ఖరాబు అని చెప్పొచ్చు గానీ, వాసన లేదు కాబట్టి మంచివని చెప్పరాదు. "మీకు మిషన్ భగీరథ నీళ్లు వస్తున్నయి కదా" అంటరు. వస్తే సంతోషమే. నల్లా రాని రోజు ఎక్కడ ముంచుకోవాలె? స్నానానికి, బట్టలకు, గొడ్లకు, పెరట్లో కూరగాయలకు ఏ నీళ్లు? "బ్లీచింగు పౌడరు చల్లిస్తం" అంటరు. బ్లీచింగు క్రిములను చంపుతుంది, పెట్రోలును కాదు. "కాగబెట్టుకొని తాగండి" అనేటోళ్లు కూడా ఉంటరు. ఇది మరీ తప్పు. కాగబెడితే ఆ విషం ఆవిరై వంటింట్లోనే తిరుగుతుంది, పొయ్యి ముందర కూచున్న తల్లి పీల్చుకుంటుంది. వాసన వచ్చే బాయి దగ్గర, బోరు దగ్గర బీడీ ముట్టించొద్దు, అగ్గిపుల్ల గీయొద్దు. ఇది అందరికీ చెప్పండి.

చివరకు వాళ్లు చేసే పని ఒకటుంది: బోరింగు చేతి పంపు విప్పి, గొట్టానికి మూత బిగించి పోతరు. రోగాన్ని వదిలి రోగిని గదిలో పెట్టి తాళం వేసినట్టు. మన నీళ్ల హక్కు పోతుంది, కంపెనీ పెట్రోలు మాత్రం భద్రంగ ఉంటుంది.

ఇదంతా ఊహ కాదు. మద్రాసులో ఉత్తరాన తొండియార్‌పేట అనే పేట ఉంది. కూలీలు, చిన్న పనులవాళ్లు ఉండే వైపు. తెలుగు మాట్లాడే పారిశుధ్య కార్మికుల కుటుంబాలు తరాలుగా బతుకుతున్న ఉత్తర మద్రాసు అది. 2013లో అక్కడ బోర్లల్ల నీళ్లతో పాటు పెట్రోలు, డీజిలు రావడం మొదలైంది. రోడ్డు కింద పోయే భారత్ పెట్రోలియం పైపులైను కారింది. జనం రోడ్డెక్కారు, గ్రీన్ ట్రిబ్యునల్ దాకా పోయారు. కారిన నూనెను తోడడం, మట్టిని, నీళ్లను శుద్ధి చేయడం ఏండ్ల తరబడి నడిచింది. అంత పెద్ద పట్నంలో, ట్రిబ్యునల్ గడప పక్కనే ఉన్నోళ్లకే అన్నేండ్లు పడితే మన వాడ గతేంది?

అమెరికా కథ ఇంకో తీరు. అక్కడ పెట్రోలు బంకును గ్యాస్ స్టేషన్ అంటరు. భూమిలో పాతిన ట్యాంకుల మీద 1984లో చట్టం చేశారు. కారిన వాటిని శుద్ధి చేయడానికి 1986లో ఒక నిధి పెట్టి, అమ్మే ప్రతి గ్యాలను మీద సెంటులో పదో వంతు పన్ను వేశారు. వెతకడం మొదలుపెట్టినంక ఇప్పటికి ఐదు లక్షలకు పైగా లీకులు బయటపడ్డయి. 1996లో శాంటా మోనికా అనే పట్నం, పెట్రోలులో కలిపే ఒక రసాయనం బావులల్ల చేరిందని తేలి, తన నీళ్లల్ల సుమారు సగం బావులు మూసుకుంది. తర్వాత ఆ ఖర్చు చమురు కంపెనీల నుంచి రాబట్టింది. అమెరికావాళ్లు ధర్మాత్ములని మేం అనడం లేదు. భోపాల్‌లో వాళ్ల కంపెనీ చేసింది మరిచిపోయే విషయం కాదు. కానీ తన ఇంట్లో వెతికాడు, వెతికితే దొరికింది. మన దగ్గర వెతకలేదు కాబట్టి లేదంటున్నరు.

ఇక్కడొక ముచ్చట చెప్పకుండా ఉండలేం. అమెరికాలో గ్యాస్ స్టేషన్లు కొని నడిపే తెలుగువాళ్లు ఉన్నారు. అక్కడ పాత స్టేషను కొనాలంటే ముందు మట్టి పరీక్ష కాగితం చూస్తారు. అది లేకుండా బ్యాంకు అప్పు పుట్టడం కష్టం. అదే మనిషి పండుగకు ఊరొచ్చి మూసిన బంకు జాగ కొంటే చూసేది వాస్తు. మన పిల్లలు కూడా పెట్రోలు పుట్టే దేశాలకే పోతరు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్ల గల్ఫుకు మనిషిని పంపని వాడ ఉన్నదా? ఎడారిలో నూనె బావుల పక్కన చెమటోడ్చి, ఆ పైసలతో రెండు గుంటలు కొని, ఇల్లు కట్టుకుంటే ఆ ఇంటి కింద కూడా పెట్రోలేనా? తక్కువకు వస్తుందని ఇట్లాంటి జాగలు మనోళ్లకే అంటగడతరు. కొనే ముందు ఈ జాగల ఇదివరకు ఏముండెనో అడగండి.

చట్టం ఏమంటుంది? రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ పక్కన బిచ్డీ అనే ఊరుంది. రసాయన ఫ్యాక్టరీలు పారబోసిన విషంతో బాయిల నీళ్లు ఎర్రబడినయి. 1996 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు ఒక సూత్రం ఖాయం చేసింది: ఖరాబు చేసినవాడే శుద్ధి ఖర్చు భరించాలె. ఫ్యాక్టరీ యజమాని ఆ డబ్బు ఎగ్గొట్టడానికి కేసు మీద కేసు వేస్తూ పోయాడు. 2011లో కోర్టు 37 కోట్ల 38 లక్షల పైచిలుకు, దాని మీద నూటికి 12 వంతున చక్రవడ్డీ కట్టమంది. తీర్పుకు తీర్పుకు మధ్య పదిహేనేండ్లు. మన పక్కన పటాన్‌చెరు కేసు 1990లో సుప్రీంకోర్టుకు పోయింది. నక్కవాగు నీళ్లు ముంచుకునే ధైర్యం ఇప్పటికీ ఎవరికి ఉంది?

అయితే 2025 జూలైలో కేంద్ర ప్రభుత్వం కలుషిత స్థలాల నిర్వహణ మీద కొత్త నియమాలు తెచ్చింది. వీటిని మన కార్యకర్తలు తెలుసుకోవాలె. జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి, తన జిల్లాలో కలుషితమైనట్టు అనుమానమున్న స్థలాల నివేదిక తయారు చేయాలె. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి గానీ నిపుణుల సంస్థ గానీ 90 రోజుల్లో తొలి పరీక్ష చేయాలె, అనుమానం నిలిస్తే ఇంకో 90 రోజుల్లో లోతైన సర్వే చేయాలె. కలుషితమని తేలితే ఆ సంగతి ప్రజలకు ప్రకటించాలె, ఎవరు చేశారో కనిపెట్టాలె, శుద్ధి ఖర్చు వాళ్ల దగ్గరే వసూలు చేయాలె. చేసినవాడు దొరకకపోతే, కట్టలేకపోతే కేంద్రం, రాష్ట్రం భరించాలె. దేశం మొత్తంలో అప్పటికి గుర్తించిన కలుషిత స్థలాలు 103. వాటిలో శుద్ధి పని మొదలైనవి ఏడు. ఏడే!

ఈ నియమాలలో లొసుగు ఉంది. కలుషితమని తేలినంక ఎన్నాళ్లల్ల శుద్ధి పూర్తి చేయాలో గడువు పెట్టలేదు. పరీక్షకు గడువుంది, వైద్యానికి లేదు. అయినా దీన్ని వదులుకోవద్దు. జిల్లా నివేదికలో పేరు ఎక్కితేనే తర్వాతి పని కదులుతుంది, పేరు ఎక్కించాల్సింది కలెక్టరు. 2016లో కొత్త జిల్లాలు వచ్చినంక జగిత్యాలకు ఒక కలెక్టరు, సిరిసిల్లకు ఒక కలెక్టరు ఉన్నారు. కరీంనగర్ దాకా బస్సు చార్జీలు పెట్టుకొని పోయే బాధ తప్పింది. ప్రతి సోమవారం ప్రజావాణిలో దరఖాస్తు తీసుకోక తప్పదు.

మన చేతుల ఉన్న ఇంకో చట్టాన్ని ఈ విషయంలో ఎవరూ తలుచుకోవడం లేదు. అది ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. ఎస్సీలు, ఎస్టీలు మామూలుగా వాడుకునే ఊటను గానీ, చెరువును గానీ, మరే నీటి వనరును గానీ ఆ వాడకానికి పనికిరాకుండ ఖరాబు చేయడం ఆ చట్టం కింద నేరం. 1989 చట్టంలో ఉన్న ఈ మాటను 2015 సవరణలో కూడా ఉంచారు. ఇప్పుడది సెక్షన్ 3(1)లో ఎక్స్ అనే క్లాజు. ఆరు నెలల నుంచి ఐదేండ్ల దాకా జైలు. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారే చేయాలె. బావిలో చచ్చిన కుక్కను వేసినోని మీద ఈ సెక్షన్ పెట్టొచ్చని మనకు తెలుసు. 2022 డిసెంబరులో తమిళనాడు వేంగైవయల్‌లో దళితుల నీళ్ల ట్యాంకులో మలం కలిపినప్పుడు దేశమంతా ఉలిక్కిపడింది. ట్యాంకు కారుతుందని డిప్ రిజిస్టర్లో రోజూ చూస్తూ, మాలవాడ బాయిలోకి పోతుందని తెలిసి కూడా ఊరుకున్నోని సంగతేంది? తెలిసి ఊరుకున్నడని రుజువు చేయడం కష్టం, లాయర్లు వంద అడ్డంకులు చెప్తరు. చెప్పనీయండి. ఫిర్యాదు కాగితంలో ఆ సెక్షన్ పేరు రాయడం మన హక్కు. రాస్తే కనీసం రిజిస్టర్లు సీజు చేయమని అడగడానికి దారి దొరుకుతుంది.

ఇక్కడ ఒక మాట నిష్ఠూరమైనా చెప్పాలె. ఎస్సీ, ఎస్టీల కోటాలో బంకులు వచ్చిన మనోళ్లు కూడా ఉన్నారు. కొన్ని మనోళ్ల పేరు మీద ఉండి దొరలు నడిపేవి, కొన్ని నిజంగా మనోళ్లే కష్టపడి నడిపేవి. బంకు కారితే డీలరు మెడకు చుట్టి కంపెనీ తప్పుకోవాలని చూస్తుంది. చాలాచోట్ల భూమి డీలరుది, ట్యాంకులు, మిషన్లు కంపెనీవి. ట్యాంకు ఎవరిదో శుద్ధి వాళ్లదే కావాలె. అమ్మిన ప్రతి లీటరు మీద లాభం తీసుకున్న కంపెనీ, కారిన లీటరు మీద మాత్రం డీలరును చూపిస్తే కుదరదు. మన డీలర్లు కూడా ఈ డిమాండులో మనతో కలిసి రావాలె, వాళ్లకూ అదే రక్షణ.

శుద్ధి అంటే ఏం చేస్తారో కూడా తెలిసి ఉండాలె, లేకుంటే నాలుగు టిప్పర్ల మొరం పోసి అయిపోయిందంటరు. ముందు ట్యాంకులో మిగిలిన నూనె తోడాలె, లోపలి గ్యాసు పోగొట్టాలె, ట్యాంకును బయటకు తీయాలె. దాని కింది మట్టిని, చుట్టు మట్టిని పరీక్ష చేసి, చెడిన మట్టిని తీసి సరైన చోటికి పంపాలె. ఊరవతల చెరువుగట్టు మీద పోస్తే అది శుద్ధి కాదు, విషాన్ని ఒక వాడ నుంచి ఇంకో వాడకు మోయడమే. నీళ్ల మీద తేలే నూనెను బోర్లు వేసి తోడుతరు. మట్టిలో ఆవిరిని పంపులతో లాగుతరు. నూనెను తినే సూక్ష్మజీవులను వాడే పద్ధతి కూడా ఉంది. టెరి సంస్థ తయారు చేసిన అట్లాంటి సూక్ష్మజీవుల మందును మన దేశపు చమురు కంపెనీలే తమ నూనె బావుల దగ్గర వాడినయి. అంటే విద్య లేక కాదు. వాళ్ల జాగలు శుద్ధి చేసుకునే విద్య మన జాగల దాకా రాదు, అంతే. ఈ పని నెలల్లో అయ్యేది కాదు, ఏండ్లు పడుతుంది, అన్నేండ్లు నీళ్ల పరీక్షలు నడవాలె.

మరి ఆ ట్యాంకులోకి దిగేదెవరు? డ్రైనేజీలోకి ఎవరిని దింపుతరో, సెప్టిక్ ట్యాంకులోకి ఎవరిని దింపుతరో ట్యాంకు గుంతలోకి కూడా వాళ్లనే పిలుస్తరు. ఐదు వందలు ఎక్కువిస్తమంటరు. ట్యాంకు ఖాళీగా కనపడుతుంది గానీ లోపల ఆవిరి నిండి ఉంటుంది. రెండు శ్వాసలకు మనిషి పడిపోవచ్చు, ఒక్క నిప్పురవ్వకు ట్యాంకే పేలొచ్చు. 2013 చట్టం మురుగు కాలువలకు, సెప్టిక్ ట్యాంకులకు రక్షణ లేకుండ మనిషిని దింపొద్దన్నది. మురుగులో చచ్చినోళ్లకు 30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. పెట్రోలు ట్యాంకు ఆ చట్టం మాటల్లో లేదు. కాబట్టి శుద్ధి కావాలని అడిగే ప్రతి దరఖాస్తులో ఈ వాక్యం తప్పకుండ రాయండి: మా పిల్లలను ట్యాంకులోకి దింపొద్దు, పని తెలిసినవాళ్లు, గాలి పరీక్ష పరికరాలతో, పేలుడు పదార్థాల భద్రతా శాఖ నిబంధనల ప్రకారం చేయాలె. విషం ఖర్చు కంపెనీది, పీల్చేది మేము అనే ఒప్పందం మాకొద్దు.

ఇప్పుడు చేయాల్సిన పని పెద్దదేం కాదు. మీ ఊరి ముసలోళ్లను అడగండి, బంకు ఎక్కడుండెనో, ఏ ఏడు మూసిన్రో వాళ్లకు గుర్తుంటది. ఏ బంకు పెట్టాలన్నా జిల్లా అధికారి నిరభ్యంతర పత్రం ఇవ్వాల్సిందే, కాబట్టి పాత ఫైలు, దాంతో పాటు ట్యాంకులు ఎక్కడ పాతారో చూపే ప్లాను కలెక్టరాఫీసులో ఉండాలె. పాత బంకులవి కరీంనగర్‌లో అడగాల్సి రావొచ్చు. సమాచార హక్కు కింద పది రూపాయలతో అడగండి, తెల్లకార్డు ఉన్నోళ్లకు అదీ లేదు. గ్రామసభలో తీర్మానం చేయించి ప్రజావాణిలో ఇవ్వండి, రసీదు లేకుండ తిరిగి రావద్దు. కొత్త బంకు పెడుతుంటే కూడా ఊరుకోవద్దు. ఇండ్లకు, బడికి, దవాఖానకు 50 మీటర్ల దూరం ఉండాలని, ఎట్టి పరిస్థితుల్లో 30 మీటర్లకు తగ్గొద్దని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరిలో మార్గదర్శకాలిచ్చింది. టేపు పట్టుకొని కొలవండి.

నీళ్ల పరీక్ష దగ్గరనే మనల్ని ఎక్కువ మోసం చేస్తరు. మామూలు పరీక్షలో ఫ్లోరైడు, నైట్రేటు, ఉప్పు చూస్తరు. పెట్రోలు సంగతి అందులో ఉండదు. "నీళ్లు మంచిగున్నయి" అని కాగితం చేతుల పెడతరు. అందుకని పేర్లు రాసి అడగండి: బెంజీన్, టోలుయిన్, ఇథైల్ బెంజీన్, జైలీన్, మొత్తం పెట్రోలియం హైడ్రోకార్బన్లు, పాత బంకైతే సీసం కూడా. నీళ్లు పట్టేది ప్లాస్టిక్ సీసాలో కాదు, గాజు సీసాలో. బుడగ లేకుండ అంచుదాకా నింపి మూత బిగించాలె, మంచులో పెట్టి అదే రోజు పంపాలె. సగం నింపిన సీసా ఎండల తిరిగితే బెంజీన్ ఎగిరిపోతుంది, పరీక్షలో ఏమీ రాదు. వాళ్లు సీసా నింపేటప్పుడు మన మనిషి ఒకడు పక్కన నిలబడాలె, పంచనామాలో సంతకం పెట్టాలె.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టున్న ఊర్ల నుంచి మూసిన బంకుల వివరాలు మాకు రాయండి. జాగ ఎక్కడ, ఎన్నేండ్లు నడిచింది, ఏ కంపెనీది, ఎప్పుడు మూసిన్రు, ట్యాంకులు తీసిన్రా లేదా, ఇప్పుడు దాని మీద ఏమున్నది, మన వాడ బాయి గానీ బోరింగు గానీ ఎన్ని అడుగుల దూరం, వాన పడ్డప్పుడు నీళ్లు ఎటు పారుతయి. కార్డు ముక్క మీద రాసినా చాలు. వచ్చినవన్నీ కలిపి రెండు జిల్లాల కలెక్టర్లకు ఒకే రోజు ఇద్దాం. ఇచ్చిన కాగితం నకలు, వాళ్లిచ్చిన జవాబు, జవాబు రాకపోతే ఎన్ని రోజులైందో ఆ లెక్క, ప్రతి సంచికలో అచ్చు వేస్తాం.